వీధిపిల్లికి జబ్బు, చేతిలో కొద్దిపాటి డబ్బు: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ఎండలు ముదిరే ముందు, వానలు మొదలైన తర్వాత పిల్లుల గురించిన ఉత్తరాలు ఎక్కువగా వస్తాయి. ఈ విడత వచ్చినవాటిలో దాదాపు అన్నింటిలోనూ ఒకే మాట ఉంది: పిల్లి మాది కాదు, వదిలేయలేము, పెద్ద ఖర్చు పెట్టుకోలేము. అందుకే ప్రతి జవాబులోనూ ఖర్చు ఎక్కడ తప్పదో, ఎక్కడ దండగో కూడా చెప్పాం. మందుల మోతాదులు రాసింది మీరు కొని వేసేయడానికి కాదు. డాక్టరు రాసిచ్చిన చీటీ అర్థం కావడానికి, అంగడివాళ్లు పొరపాటున వేరేది ఇస్తే పట్టుకోవడానికి.

ప్రశ్న: మా మిద్దె మెట్ల కింద ఒక వీధిపిల్లి నాలుగు రోజులుగా ముడుచుకుని పడుకుని ఉంది. కళ్లు పుసులు కట్టి అతుక్కుపోయాయి, ముక్కు కారుతోంది, ఒకటే తుమ్ములు. పాలు పెట్టినా, చేప ముక్క పెట్టినా వాసన కూడా చూడటం లేదు. నా దగ్గర పదిహేను వందలకు మించి లేవు. ఎలా ఖర్చు పెట్టమంటారు? (చిరుద్యోగి, ఎన్.ఆర్.పేట, కర్నూలు)

మీరు రాసిన లక్షణాలు పిల్లుల జలుబువి. హెర్పిస్ వైరస్, కాలిసి వైరస్ అనే రెండింటిలో ఒకటి గానీ, రెండూ కలిసి గానీ దీన్ని తెస్తాయి. మనుషులకు అంటదు. వైరస్‌ను నేరుగా చంపే మందు సాధారణంగా అవసరం రాదు. మందులు దాని మీద వచ్చిపడే బాక్టీరియాను అదుపు చేయడానికే. అసలు ప్రమాదం తిండి మానేయడంలో ఉంది. పిల్లి ముందు వాసన చూసి, తర్వాతే తింటుంది. ముక్కు మూసుకుపోతే ఎదురుగా ఉన్నది తిండి అని దానికి తోచదు. రెండు మూడు రోజులు పస్తుంటే ఒంట్లోని కొవ్వు కాలేయంలో పేరుకుంటుంది, ఆ తర్వాత జలుబు తగ్గినా పిల్లి కోలుకోవడం కష్టం. మీ పిల్లికి నాలుగు రోజులు అయిపోయాయి కాబట్టి ఈ రోజే కదలండి.

డబ్బు మొదట పెట్టాల్సింది ఒకసారి సరైన పరీక్షకు, చర్మం కింద ఎక్కించే సెలైన్‌కు. ప్రభుత్వ పశువైద్యశాలలో పరీక్షకు పెద్దగా ఏమీ కాదు. ఆవులు, గొర్రెలు ఎక్కువగా వచ్చే చోటు గనుక ఉదయం తొందరగా వెళ్లండి, పిల్లిని తెస్తున్నామని ముందే చెప్పండి. అక్కడ మందు లేకపోతే మందు అసలు పేరుతో, అంటే జెనరిక్ పేరుతో చీటీ రాయమని అడిగి జన ఔషధి కేంద్రంలో తీసుకోండి. డాక్సీసైక్లిన్, అమాక్సిసిలిన్-క్లావులనేట్ లాంటివి మనుషులకూ వాడేవే, అక్కడ బాగా చవకగా దొరుకుతాయి. లివర్ టానిక్కులు, విటమిన్ డ్రాపులు, ఆకలి పెంచే సిరప్పులు ఈ బడ్జెట్‌లో పక్కన పెట్టండి. రక్తపరీక్షలు కూడా మొదటి రోజే అక్కర్లేదు. రెండు మూడు రోజుల్లో తేడా కనబడకపోతే అప్పుడు చూసుకోవచ్చు.

తీసుకెళ్లడానికి బుట్ట కొనక్కర్లేదు. చీనీకాయలో టమోటాలో వచ్చే ప్లాస్టిక్ ట్రేలు రెండు తెచ్చి ఒకదాని మీద ఒకటి బోర్లించండి. ఒక పొడుగు వైపు మూడు చోట్ల తాడుతో గట్టిగా కట్టేస్తే అది మడతబందులా పని చేస్తుంది. రెండో వైపు తాడు విప్పేలా ముడి వేయండి. ట్రే పక్కల చేతిపిడి కంతలు ఉంటాయి, వాటిని అట్టముక్కతో మూయడం మరిచిపోవద్దు. బెదిరిన పిల్లికి తల పట్టేంత సందు దొరికితే చాలు, బస్టాండులోనే దూరి పోతుంది. పట్టుకునేటప్పుడు పాత దుప్పటి పైనుంచి కప్పి, దుప్పటితో సహా ఎత్తి ట్రేలో పెట్టండి. మీద గుడ్డ కప్పి చీకటి చేస్తే చాలావరకు సద్దుమణుగుతుంది.

దారిలో కూరగాయల అంగడిలో ఎలక్ట్రానిక్ కాటా మీద ట్రేతో సహా తూకం వేయించండి, తర్వాత ఖాళీ ట్రే బరువు తీసేయండి. ఈ తూకం లేకుండా పిల్లికి మందే లేదు. డాక్సీసైక్లిన్ మామూలుగా కిలో బరువుకు 10 మిల్లీగ్రాములు, రోజుకొకసారి. మూడు కిలోల పిల్లికి 30 మి.గ్రా. అంటే మనుషుల 100 మి.గ్రా. మాత్రలో మూడో వంతు కూడా పూర్తిగా పట్టదు. "ఒక మాత్ర ఇచ్చెయ్" అని ఎవరైనా చెబితే మూడు రోజుల మందు ఒకేసారి వేసినట్టు. ఇంకో జాగ్రత్త: ఈ మాత్ర గొంతు దాటకుండా ఆహారనాళంలో ఆగిపోతే అక్కడ పుండు పడి, తర్వాత నాళం ఇరుకైపోతుంది. మాత్ర వేయగానే సూది లేని సిరంజితో 5 మి.లీ. నీళ్లు చెంప పక్క నుంచి తాగించాల్సిందే.

ఇక ఇంటి పని. జబ్బు తగ్గడంలో సగం వాటా దీనిదే, దీనికి ఖర్చు లేదు.

కళ్లు: అర లీటరు నీళ్లు మరిగించి చల్లార్చి, ఒక చిన్న టీస్పూను గీటుగా కొలిచిన ఉప్పు కలపండి. దూది తడిపి కంటి మీద అర నిమిషం ఆనించి ఉంచితే పుసి మెత్తబడుతుంది. అప్పుడు ముక్కు వైపు నుంచి బయటికి తుడవండి. రెండో కంటికి వేరే దూది. రోజుకు మూడు నాలుగుసార్లు. ఉప్పునీళ్లు రోజూ కొత్తవి చేసుకోండి. ఇంట్లో మిగిలిన కంటి చుక్కలు వేయకండి, ముఖ్యంగా సీసా మీద డెక్సామెథాసోన్ అని ఉన్నవి. హెర్పిస్ వల్ల నల్లగుడ్డు మీద పుండు ఉంటే ఆ స్టెరాయిడ్ దాన్ని ఇంకా లోతు చేస్తుంది, కన్ను పోతుంది. గుడ్డు తెల్లబడినా, నీలంగా మసకబారినా, పిల్లి కన్ను తెరవలేకపోయినా అదే రోజు డాక్టరుకు చూపించాలి.

ముక్కు: బాత్‌రూమ్‌లో బకెట్ నిండా పొగలు కక్కే నీళ్లు పెట్టి, తలుపు మూసి, ట్రేతో పిల్లిని దూరంగా పది పదిహేను నిమిషాలు ఉంచండి. పూటకొకసారి, తిండికి ముందు. ఆ నీళ్లలో కర్పూరం, నీలగిరి తైలం, బామ్ వేయవద్దు. మనకు హాయినిచ్చే ఆ ఘాటు పిల్లికి విషం.

తిండి: ఎముకల్లేని కోడి మాంసం ఉప్పు, ఉల్లి, వెల్లుల్లి లేకుండా ఉడికించి, ఉడికిన నీళ్లతోనే మిక్సీలో మెత్తగా తిప్పి టీ జల్లెడలో వడకట్టండి. మణికట్టు మీద వేస్తే గోరువెచ్చగా తగలాలి. చల్లారిన తిండికి వాసన రాదు. ముందు వేలితో కొంచెం పెదవికి రాయండి. ఎండుచేపను నానబెట్టి, రెండుసార్లు కడిగి ఉప్పు పోగొట్టి చిటికెడు కలిపితే ఆ వాసనకు కొన్ని పిల్లులు వాటంతట అవే మొదలుపెడతాయి. అప్పటికీ తినకపోతే 5 మి.లీ. సిరంజితో, కోరపన్ను వెనకాల చెంప సందులోంచి, ఒక్కసారికి అర మి.లీ. చొప్పున. మింగిందని చూశాకే మళ్లీ. తల పైకెత్తి పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోతుంది. జలుబుకు చావని పిల్లి దీనికి చస్తుంది. మూడు కిలోల పిల్లికి రోజంతా కలిపి నూటపాతిక గ్రాముల ఉడికిన కోడి మాంసం సరిపోతుంది. పస్తున్న పిల్లికి మొదటి రోజు అందులో మూడో వంతే ఐదారు విడతలుగా, రెండో రోజు రెండు వంతులు, మూడో రోజు పూర్తిగా. ఆత్రపడి ఒకేసారి నింపితే వాంతి చేసుకుంటుంది, ఒంట్లో లవణాలు తారుమారవుతాయి.

భుజాల మధ్య చర్మం పైకి లాగి వదిలితే వెంటనే సర్దుకోవాలి. గుడారంలా నిలబడితే, చిగుళ్లు వేలికి జిగటగా తగిలితే ఒంట్లో నీళ్లు తగ్గాయని. ఇది కొద్దిగానే ఉండి వాంతులు లేకపోతే మామూలు ఓఆర్ఎస్ పొడి ప్యాకెట్ మీద చెప్పిన కొలత నీళ్లలో కలిపి, పది నిమిషాలకొకసారి ఒకటి రెండు మి.లీ. ఇవ్వవచ్చు. ఎక్కువగా ఉంటే నోటి నుంచి సరిపోదు, సెలైనే ఎక్కించాలి. జ్వరం చూడాలంటే డిజిటల్ థర్మామీటరుకు కొబ్బరినూనె రాసి మలద్వారంలో సెంటీమీటరున్నర లోపలికి పెట్టాలి. 100.4 నుంచి 102.5 ఫారెన్‌హీట్ వరకు పిల్లికి మామూలే. 99 కంటే తగ్గితే జ్వరం కంటే ప్రమాదం. ఆ స్థితిలో తిండి పెట్టకండి. వేడినీళ్ల సీసాకు గుడ్డ చుట్టి పక్కన పెట్టి, ఒళ్లు వెచ్చబడ్డాకే నోట్లో ఏదైనా.

నోరు తెరుచుకుని రొప్పుతుంటే పైవేవీ చేస్తూ కూర్చోవద్దు, వెంటనే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. కుక్క రొప్పడం వేరు, పిల్లి రొప్పడం వేరు: పిల్లి రొప్పిందంటే ఊపిరాడటం లేదని.

ప్రశ్న: ఒళ్లు కాలుతోందని మా పాప పిల్లికి పారాసెటమాల్ అర మాత్ర పొడి చేసి పాలలో కలిపి ఇచ్చింది. ఏమైనా అవుతుందా? (గృహిణి, కమలానగర్, అనంతపురం)

అవుతుంది. అమ్మా, ఈ మాట చదివేసరికి మీ పిల్లి సంగతి తేలిపోయి ఉంటుంది, ఇతరుల కోసమైనా చెప్పక తప్పదు. 500 మి.గ్రా. మాత్రలో సగం, అంటే 250 మి.గ్రా., మూడు కిలోల పిల్లిని చంపగలదు. ఈ మందును విరిచి బయటికి పంపే ఎంజైము పిల్లి కాలేయంలో చాలా తక్కువ. విరగని మందు రక్తంలోని హీమోగ్లోబిన్‌ను పాడు చేస్తుంది, రక్తం ప్రాణవాయువును మోయలేదు. కొన్ని గంటల్లోనే చిగుళ్లు గోధుమ రంగుకో, బూడిద నీలానికో తిరుగుతాయి. మూతి, పాదాలు వాస్తాయి, ఆయాసం వస్తుంది.

ఇచ్చారని తెలియగానే, లక్షణాలు రాకముందే బయల్దేరాలి. ఎన్ని గంటలకు, ఎంత ఇచ్చారో కాగితం మీద రాసి, మాత్రల అట్ట వెంట తీసుకెళ్లండి. విరుగుడు మందు పేరు ఎన్-ఎసిటైల్ సిస్టీన్. మనుషుల ఆసుపత్రుల్లో వాడేదే. పశువైద్యశాలలో లేకపోతే చీటీ రాయించుకుని పెద్ద మందుల అంగడిలో వెతకవచ్చు. ఇంట్లో ఉప్పునీళ్లు పోసి కక్కించకండి. ఐబూప్రొఫెన్, డైక్లోఫెనాక్, ఆస్పిరిన్ కూడా ఇదే కోవ. పిల్లికి నొప్పి తగ్గించే మందులు ఉన్నాయి, అవి మన డబ్బాలో మాత్రం లేవు.

ప్రశ్న: గజ్జి పట్టిన పిల్లి ఒకటి మా దొడ్లోకి వస్తుంది. చెవులు, నొసలు అట్టలు కట్టాయి, పగలూ రాత్రీ గోక్కుంటోంది. గొర్రెలకు కొట్టే మందు నీళ్లలో కలిపి పోస్తే పోతుందంటున్నారు. గొర్రెలకు వేసే ఇంజెక్షన్ కూడా మా బావ దగ్గర ఉంది. వాడవచ్చా? (రైతు, పత్తికొండ మండలం)

కొట్టే మందు వద్దే వద్దు. గొర్రెల పిడుదులకు వాడేవి ఎక్కువగా డెల్టామెథ్రిన్, సైపర్‌మెథ్రిన్, అమిత్రాజ్. మూడూ పిల్లికి పడవు. పిల్లి ఒళ్లు నాక్కుంటుంది కాబట్టి పైన పోసిందల్లా పొట్టలోకే చేరుతుంది. కుక్కలకు అమ్మే పిడుదుల పౌడర్లు, మెడ మీద వేసే చుక్కలు కూడా, వాటిలో పర్మెథ్రిన్ ఉంటే, అంతే. ఎవరైనా ఇప్పటికే పోసి ఉంటే, పిల్లి వణుకుతూ, చొంగ కారుస్తూ, కండరాలు ఎగరేస్తుంటే, గోరువెచ్చటి నీళ్లలో గిన్నెలు తోమే లిక్విడ్ వేసి ఒళ్లంతా కడిగి, తుడిచి, వెంటనే డాక్టరు దగ్గరికి.

ఇంజెక్షన్ సంగతి కొంచెం వేరు. అది ఐవర్‌మెక్టిన్ అయ్యుంటుంది. పిల్లి గజ్జికి డాక్టర్లు వాడేదీ అదే. చిక్కంతా కొలతలో ఉంది. ఒక శాతం మందులో మిల్లీలీటరుకు 10 మిల్లీగ్రాములు ఉంటాయి. గొర్రెకు లెక్క 50 కిలోలకు ఒక మి.లీ. అదే లెక్కన రెండు కిలోల పిల్లికి 0.04 మి.లీ., అంటే ఒక మి.లీ. సిరంజిలో నాలుగు సన్న గీతలు. గొర్రెలకు వాడే 5 మి.లీ. సిరంజిలో ఆ కొలత తీయడం ఎవరి తరమూ కాదు. కంటికి ఆనేంత మందు లాగారంటేనే ఐదారు రెట్లు ఎక్కువైనట్టు. అప్పుడు పిల్లి తూలుతుంది, చూపు పోయినట్టు గోడలకు కొట్టుకుంటుంది, స్పృహ తప్పుతుంది. కూనలకు ఇంకా ప్రమాదం. కాబట్టి పిల్లినే వైద్యశాలకు తీసుకెళ్లి వేయించండి. రెండు వారాల తేడాతో రెండో సూది కూడా పడాలి. మొదటి సూదికి పురుగులు చస్తాయి, గుడ్లు మిగులుతాయి. ఎక్కువమంది మొదటి దాంతోనే ఆపేసి "మందు పని చేయలేదు" అంటారు. డబ్బు వీలైతే సెలామెక్టిన్ అనే మెడ మీది చుక్కల మందు ఇంకా క్షేమం. దాంతో గోమర్లు, అంటే వెంట్రుకల్లో గెంతే చిన్న పురుగులు (ఫ్లీలు) కూడా పోతాయి.

అట్టలను గోళ్లతో పీకవద్దు. కొబ్బరినూనె పలచగా రాస్తే మెత్తబడి వాటంతట అవే రాలుతాయి. ఈ గజ్జి మీకూ కొన్నాళ్లు దురద పెట్టవచ్చు కానీ మనిషి ఒంటి మీద నిలవదు. పిల్లి ఒంటి మీద గుండ్రంగా, అంచులు తేలి వెంట్రుకలు ఊడిన మచ్చలుంటే మాత్రం అది తామర కావచ్చు. అది పిల్లలకు గట్టిగా అంటుకుంటుంది, మందు కూడా వేరు.

ప్రశ్న: మా ఇంటి వెనక పుట్టిన నాలుగు కూనల్లో రెండు వాంతులు, విరేచనాలతో రెండు రోజుల్లో పోయాయి. మూడోది నీళ్ల గిన్నె దగ్గర తల వాల్చి కూర్చుంటుంది గానీ తాగదు. విషం పెట్టారేమోనని అనుమానం. ఇల్లంతా ఫినాయిల్‌తో కడిగాం. (ఉపాధ్యాయిని, ఎర్రముక్కపల్లి, కడప)

విషం కాకపోవచ్చు మేడమ్. వరసబెట్టి కూనలు పోవడం, నీళ్ల గిన్నె మీద తల వాల్చి తాగకపోవడం చూస్తే పాన్‌ల్యూకోపీనియా అనే వైరస్ జబ్బు అనిపిస్తోంది. కుక్కపిల్లలకు వాంతులు, విరేచనాలు తెచ్చే పార్వో జబ్బుకు దగ్గరి చుట్టం. తెల్ల రక్తకణాలు ఒక్కసారిగా పడిపోతాయి, పేగు లోపలి పొర ఊడిపోతుంది. మలం నమూనాతో కుక్కల పార్వో కిట్ మీదే పరీక్ష చేయవచ్చు, చాలావరకు పట్టేస్తుంది.

ఖర్చు గురించి సూటిగా చెబుతాం. దీనికి వైరస్‌ను చంపే మందు లేదు. సెలైన్, వాంతులు ఆపే సూది, యాంటీబయాటిక్, వెచ్చదనం, వీటితో నాలుగైదు రోజులు నిలబెట్టగలిగితే బతుకుతుంది. రెండు నెలల లోపు కూనల్లో ఎక్కువ శాతం చికిత్స చేసినా పోతాయి. రోజూ వైద్యశాలకు తిప్పగలిగితేనే మొదలుపెట్టండి. ఒక రోజు సెలైన్ ఎక్కించి మూడు రోజులు ఆపితే ఆ డబ్బు వృథా, కూనకు బాధ రెట్టింపు. ప్రొద్దుటూరులో శ్రీ వెంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం కింద పశువైద్య కళాశాల ఉంది. కడపలో వీలు కాకపోతే అక్కడ అడిగి చూడండి. నాలుగో కూన బాగానే ఉన్నా రెండు నుంచి పది రోజుల్లో బయటపడవచ్చు, దాన్ని వేరు చేయండి.

ఫినాయిల్ విషయంలో మాత్రం రెండు తప్పులు జరిగాయి. ఆ వైరస్ ఫినాయిల్‌కు, చేతులకు రాసుకునే శానిటైజర్‌కు చావదు. పైగా ఫినాయిల్ మీద నడిచి పాదాలు నాక్కుంటే పిల్లికే ప్రమాదం. బ్లీచింగ్ పౌడర్ వాడండి. ముందు మలం, వాంతి కాగితంతో ఎత్తేసి, సబ్బునీళ్లతో కడగాలి. మురికి మీద బ్లీచింగ్ చల్లితే దాని బలం మురికికే సరిపోతుంది. తర్వాత లీటరు నీళ్లకు ఒక టీస్పూను నిండుగా, కొత్తగా విప్పిన పొడి ప్లాస్టిక్ బకెట్‌లో కలిపి, పది నిమిషాలు నేల తడిగా ఉండేలా పోసి, కడిగేయండి. చెమ్మ తగిలి గడ్డకట్టిన పాత పొడికి బలం ఉండదు. ఫినాయిల్, యాసిడ్ దాంతో కలవనివ్వకండి, విషవాయువు పుడుతుంది. గోనెపట్టాలు, అట్టపెట్టెలు కాల్చేయడమే మంచిది. ఈ వైరస్ నీడపట్టున ఏడాది దాకా బతికి ఉంటుంది కాబట్టి అప్పటిదాకా టీకా వేయని కూనను ఆ దొడ్లోకి తేవద్దు. టీకా ఎనిమిదో వారంలో ఒకటి, ఆపై మూడు నాలుగు వారాలకొకటి చొప్పున నాలుగు నెలల వయసు వచ్చేదాకా. పైన చెప్పిన జలుబు వైరస్‌ల నుంచి కూడా అదే టీకా కాపాడుతుంది.

ప్రశ్న: గండుపిల్లి ఇసుకలో పదే పదే కూర్చుంటోంది, అరుస్తోంది, ఏమీ రావడం లేదు. మలబద్ధకమని ఆముదం పట్టించాం. ఇంకేం చేయాలి? (ఆదోని)

ఆముదం ఆపి, ఇప్పుడే బయల్దేరండి. గండుపిల్లికి మూత్రం అడ్డుపడినప్పుడు కూడా సరిగ్గా ఇలాగే కూర్చుంటుంది. పొట్ట కింది భాగంలో నిమ్మకాయంత గట్టి ఉండ చేతికి తగిలితే అనుమానం అక్కర్లేదు. ఒత్తి చూడకండి, మూత్రసంచి పగలవచ్చు. బార్లీ నీళ్లు, ఓఆర్ఎస్ తాగించకండి, పోవడానికి దారి లేనప్పుడు పోసేకొద్దీ సంచి ఉబ్బుతుంది. మూత్రం పూర్తిగా ఆగితే రక్తంలో పొటాషియం పెరిగి ఒకటి రెండు రోజుల్లో గుండె ఆగుతుంది. మత్తిచ్చి సన్నటి గొట్టం వేసి తీయడం ఒక్కటే దారి. మొత్తం ఈ శీర్షికలో "రేపు చూద్దాం" అనకూడని జబ్బు ఏదంటే ఇదే.

ప్రశ్న: కొట్లాటలో దవడ వాచి, పగిలి, చీము కారుతోంది. పసుపు అద్దాం. ఇప్పుడు పురుగులు కనిపిస్తున్నాయి. కిరోసిన్ చుక్కలు వేయమంటున్నారు. (డిగ్రీ విద్యార్థి, గుంతకల్లు)

పిల్లి కోరలు సూదుల్లా లోతుగా దిగుతాయి, పైన రంధ్రం చిన్నది. అది ఒక్కరోజులో మూసుకుపోయి లోపల చీము చేరుతుంది. పసుపు పెచ్చు కట్టి ఆ పని ఇంకా తొందరగా చేసింది. గాయం తెరిచి ఉండాలి, లోపలి నుంచి మానుతూ రావాలి. కట్టు కట్టవద్దు.

కిరోసిన్, టర్పెంటైన్, పెట్రోలు, కలరా ఉండల పొడి, ఏవీ వద్దు. 20 మి.లీ. సిరంజిలో పైన చెప్పిన ఉప్పునీళ్లు నింపి, గాయంలోకి కొంచెం గట్టిగా చిమ్మండి. పురుగులు ఊపిరాడక పైకి వస్తాయి, పట్టకారుతో ఒక్కొక్కటే తీసి ఉప్పునీళ్ల గిన్నెలో వేయండి. లాగేటప్పుడు తెగితే ముక్క లోపల కుళ్లుతుంది కనుక తొందర వద్దు. టార్చిలైటు పక్క నుంచి వేసి చూస్తే గోడల సందుల్లో ఉన్నవి కదులుతూ కనబడతాయి. తర్వాత పొవిడోన్ అయోడిన్‌ను పదింతల నీళ్లతో పలచటి టీ డికాషన్ రంగు వచ్చేలా కలిపి కడగండి. రోజుకు రెండుసార్లు, నాలుగైదు రోజులు. కన్ను పక్కన, చెవిలో, మలద్వారం దగ్గర పురుగులుంటే ఇంట్లో ప్రయత్నించవద్దు.

యాంటీబయాటిక్ తప్పదు. సాధారణంగా అమాక్సిసిలిన్-క్లావులనేట్ రాస్తారు. పిల్లలకు వాడే పొడి సిరప్ కొంటే సులువు. నీళ్లు కలిపాక ఫ్రిజ్‌లో పెట్టాలి, ఏడు రోజుల తర్వాత పారబోయాలి. గోకకుండా మెడకు గరాటు కావాలంటే పాత ఎక్స్‌రే ఫిల్ము చాలు. మెడ చుట్టుకొలత లోపల వదిలి, ముక్కు కొన కంటే రెండు వేళ్లు ముందుకు వచ్చేలా కత్తిరించి, లోపలి అంచుకు గుడ్డ ప్లాస్టర్ అంటించండి. తినేటప్పుడు తీయండి, మీరు దగ్గరే ఉండి.

ప్రశ్న: మందు వేస్తుంటే చెయ్యి గీరింది, కొంచెం రక్తం వచ్చింది. పిల్లి మామూలుగానే ఉంది. ఇంజెక్షన్లు వేయించుకోవాలా? అమ్మ సున్నం పెట్టింది. (గుంతకల్లు నుంచే, రెండో ఉత్తరం)

వేయించుకోవాలి. సున్నం కడిగేసి, కుళాయి ధార కింద సబ్బుతో పదిహేను నిమిషాలు కడగండి. కారం, కాఫీపొడి, ఆకుపసరు ఏవీ పెట్టవద్దు. ఇది రేబిస్, అంటే పిచ్చికుక్క కాటు జబ్బు రాకుండా. రక్తం వచ్చింది కాబట్టి రేబిస్ టీకాతో పాటు గాయం చుట్టూ వేసే ఇమ్యునోగ్లోబులిన్ అనే సూదిమందు కూడా అవసరమని డాక్టరు చెప్పవచ్చు. దాన్ని కాదనవద్దు. అనంతపురం, కర్నూలు, కడప సర్వజన ఆసుపత్రుల్లో టీకా ఉచితమే. చర్మంలోకి వేసే పద్ధతిలో మొదటి రోజు, 3, 7, 28 రోజుల్లో. పిల్లిని పది రోజులు కనిపెట్టి ఉండండి. అది ఆరోగ్యంగా ఉంటే మిగతా డోసుల సంగతి డాక్టరే చెబుతారు. పది రోజులు చూశాక వేయించుకుందాం అనుకోవడం మాత్రం పొరపాటు. కరిచినప్పుడు మరో సమస్య కూడా ఉంది: పిల్లి కాటు ఒక్కరోజులో చేయి వాచేలా చేస్తుంది, దానికి వేరే మందు కావాలి. చొంగ కారుస్తూ, దవడ జారి, కారణం లేకుండా మీదికి దూకే పిల్లిని మీరు పట్టుకోవద్దు.

ఇంట్లో గర్భిణి ఉంటే పిల్లి మలం ఆమె ఎత్తకూడదు. వేరేవాళ్లు రోజూ ఎత్తేస్తే చాలు. మలంలో ఉండి, కడుపులో బిడ్డకు హాని చేసే టాక్సోప్లాస్మా అనే పరాన్నజీవి గుడ్లు అంటుకునే దశకు రావడానికి కనీసం ఒక రోజు పడుతుంది.

ప్రశ్న: జబ్బు తగ్గింది. పెరుగన్నం పెడుతున్నాం, ఇష్టంగా తింటోంది. ఎప్పుడు వదిలేయవచ్చు? మళ్లీ ఈనకుండా ఏం చేయాలి? (పాఠకురాలు, ప్రొద్దుటూరు)

పెరుగన్నం కడుపు నింపుతుంది, అంతే. పిల్లికి టారిన్ అనే పదార్థం మాంసం, చేప నుంచే రావాలి. అది నెలల తరబడి అందకపోతే చూపు, గుండె దెబ్బతింటాయి. రాగిసంకటి, కుక్కల బిస్కెట్లు కూడా అంతే. పాలు చాలా పిల్లులకు విరేచనాలు చేస్తాయి. చౌకలో కావాలంటే కోడి అంగడిలో గుండెకాయలు, మెడలు అడగండి. గుండెకాయలో టారిన్ బాగా ఉంటుంది. మెడల ఎముకలు ఉడికించాక ఇవ్వకండి, చీలి గుచ్చుకుంటాయి, మాంసం ఒలిచి పెట్టండి. కాలేయం వారానికి ఒకటి రెండు చిన్న ముక్కలు చాలు. ఉడికిన గుడ్డు మంచిది.

తోక కింద బియ్యపు గింజల్లాంటివి అంటుకుని ఉంటే బద్దెపురుగులు. ప్రాజిక్వాంటెల్ ఉన్న మాత్ర, తూకం చూసి. మనుషుల అల్బెండజోల్ వద్దు, పిల్లుల్లో ఎముక మూలుగును దెబ్బతీయగలదు. గోమర్లు పోకపోతే ఈ పురుగులు మళ్లీ వస్తాయి, పిల్లి నాక్కుంటూ గోమరును మింగడం వల్లే ఇవి పుడతాయి.

వదిలే ముందు మూడు చూడండి: మూడు రోజులుగా తనంతట తాను తినడం, మందులు అయిపోవడం, తూకం పెరగడం. వదిలేటప్పుడు పట్టుకున్న చోటే, సాయంత్రం ఎండ తగ్గాక. కొత్త వీధిలో వదిలితే అక్కడి గండుపిల్లులు, కుక్కలు నిలవనివ్వవు. ఏప్రిల్, మే నెలల్లో నీడన మట్టి మూకుడులో నీళ్లు పెట్టి, రోజూ కడిగి మార్చండి.

పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్ ఐదో నెల నుంచే చేయవచ్చు. ఆడపిల్లికి నాలుగో నెల దాటాక ఎప్పుడైనా చూలు నిలవచ్చు, రెండు నెలల పైచిలుకులో ఈనుతుంది, పాలిస్తుండగానే మళ్లీ ఎదకు వస్తుంది. మీరు ప్రొద్దుటూరులోనే ఉన్నారు, పశువైద్య కళాశాల వైద్యశాలలో అడగండి. జలుబు తగ్గిన రెండు మూడు వారాల తర్వాతే తేదీ తీసుకోండి, అంతకుముందు మత్తుకు ఊపిరి ఇబ్బంది. ఆపరేషన్‌కు ముందు ఎన్ని గంటలు పస్తుంచాలో అడిగి రాసుకోండి. పెద్ద పిల్లికి, కూనకు ఆ గంటలు ఒకటి కావు. ఒకే మత్తులో చెవి కొన చిన్నగా కత్తిరించమంటే, ఇంకోసారి ఎవరూ దాన్ని పట్టి కోయించకుండా గుర్తు ఉంటుంది.